మెడికల్ బుక్కులో లేని పేర్లు

విజయనగరం నుంచి పార్వతీపురం దాకా 1909 నాటికే ఉన్న రైలుదారిని రాయపూర్ వరకూ పొడిగించడం 1931లో పూర్తయింది. బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్ళు చూసుకున్నది సరుకు సంగతి. నడిమి దేశపు సరుకంతా విశాఖ రేవుకు దిగాలి, ఆ రేవు 1933లో తెరుచుకుంది. అవే పట్టాల మీద పాతికేళ్ళ తర్వాత మా వాళ్ళు మూటా ముల్లె పట్టుకుని ఎదురుదిశలో ఎక్కివస్తారని అప్పుడెవరూ అనుకుని ఉండరు. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ దేశంతో ఒప్పందం కుదిరింది. రెండో పంచవర్ష ప్రణాళికలో మూడు ఉక్కు కర్మాగారాలు తలపెడితే రూర్కెలాకు జర్మన్లు, దుర్గాపూర్‌కు బ్రిటిష్ వాళ్ళు, దుర్గ్ జిల్లాలోని భిలాయి అనే పల్లెకు రష్యన్లు వచ్చారు. అక్కడ మట్టిపని దొరుకుతోందని, కూలి డబ్బులు చేతికిస్తున్నారని బొబ్బిలి, సాలూరు, పాలకొండ ప్రాంతాల్లో మాట పాకింది. మా నాన్న అలా వచ్చినవాడే. ఆయన అదృష్టం, మట్టిపనితో మొదలుపెట్టి కోక్ ఓవెన్‌లో పర్మినెంటు అయ్యాడు. ఆయనతో పాటు వచ్చిన చాలామంది కాలేదు.

ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగాను. వాల్తేరు వెళ్ళి సోషల్ వర్క్ చదువుకుని మళ్ళీ ఇక్కడికే వచ్చి, ఖుర్సీపార్ బస్తీల్లో సేవా కార్యక్రమాలు నడిపే పనిలో జుట్టు తెల్లబరుచుకున్నాను. బాలవాడీలు, ట్యూషన్లు, పొదుపు సంఘాలు, వైద్య శిబిరాలు, ఏ ఏడు ఏ డబ్బు వస్తే ఆ పని. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు దీన్ని జాలిగుండె వ్యవహారం అనుకుంటారు. గుండె సంగతేమో గానీ ముందు రిజిస్టరు కావాలమ్మా అంటాను. ఎవరి పేరు రాస్తాం, ఎవరి పేరు వదిలేస్తాం, ఆ పుస్తకం ఎవరి బీరువాలో ఉంటుంది? భిలాయిలో సేవ పేరుతో డెబ్భై ఏళ్ళుగా జరిగినదంతా ఈ మూడు ప్రశ్నల చుట్టూనే తిరిగింది.

మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. దాంతో పాటే టౌన్‌షిప్పు లేచింది. సెక్టర్లు, చెట్ల వరసలు, క్వార్టర్లు, బళ్ళు, ఆట మైదానాలు, సెక్టర్-9లో పెద్దాస్పత్రి. సొంతూళ్ళో చెరువు నీళ్ళు తాగిన మనిషి ఇక్కడ కొళాయి తిప్పాడు. ఈ సంక్షేమమంతా ఎవరి దయ మీదో నడిచింది కాదు, వెనక చట్టం ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం కార్మికులు 250 మందికి మించితే క్యాంటీను ఉండాల్సి వచ్చేది, 500 మంది లేదా అంతకు మించి ఉంటే సంక్షేమ అధికారిని పెట్టి తీరాల్సి వచ్చేది. అంతకు ముందే, 1931లో, విట్లీ నాయకత్వంలోని రాయల్ కమిషన్ లేబర్ ఆఫీసర్లను నియమించమని చెప్పింది. అప్పట్లో కూలీల్ని పనిలోకి తీసుకోవాలన్నా తీసేయాలన్నా మేస్త్రీదే రాజ్యం, వాడు లంచం తిననిదే పేరు ఎక్కించేవాడు కాదు. ఆ పుస్తకాన్ని మేస్త్రీ చేతిలోంచి తీసి జీతం పుచ్చుకునే అధికారి చేతిలో పెట్టడమే ఆ సిఫార్సు అసలు ఉద్దేశం. మా వృత్తికి మన దేశంలో పడిన పునాదుల్లో ఇదొకటి. 1936లో బొంబాయిలో టాటాల పేరుతో సోషల్ వర్క్ కళాశాల పెడితే, అక్కడ చదివి బయటికొచ్చిన వాళ్ళలో చాలామందిని మిల్లులే పనిలోకి పిలిచాయి.

సంక్షేమ అధికారి దినచర్య వినడానికి ఏమంత గొప్పగా ఉండదు. క్యాంటీన్ పప్పులో నీళ్ళెక్కువయ్యాయన్న ఫిర్యాదు, క్వార్టర్ వరసలో ఎవరు ముందన్న తగువు, తాగొచ్చి పెళ్ళాన్ని కొట్టినవాడికి నచ్చజెప్పడం. డ్యూటీలో పోయిన మనిషి భార్యకు పీఎఫ్ కాగితాలు నింపిపెట్టడం వీటన్నిటికన్నా కష్టం. ఆవిడ వేలిముద్ర ఎక్కడెక్కడ పడాలో వేలు పట్టి చూపించాలి, ఏడుస్తున్న మనిషి చేత వెయ్యించాలి.

టౌన్‌షిప్పు పిల్లలకు బడి పుస్తకం కన్నా ముందు తెలిసే పుస్తకం మెడికల్ బుక్కు. మా ఇంట్లో అది దేవుడి పటం కింద అరలో, ప్లాస్టిక్ కవరులో ఉండేది. లోపల నాన్న పేరు, టికెట్ నంబరు, డిపార్ట్‌మెంటు, కింద మా పేర్లు వరసగా. అమ్మ, నేను, తమ్ముడు, నాన్న మీద ఆధారపడ్డ నాయనమ్మ. మందులు రాసిన పేజీలు ఉప్పుడు బియ్యం నీళ్ళు పడి అట్టలు కట్టేవి. ఆ పుస్తకం పట్టుకెళితే డాక్టరు చూస్తాడు, మందిస్తారు, అవసరమైతే మంచం ఇస్తారు, ఒక్క పైసా అడగరు. మాకు చేసిన మేలు చిన్నది కాదు. నాయనమ్మ కళ్ళ ఆపరేషన్ ఆ పుస్తకం మీదే జరిగింది. ఊళ్ళో ఉండి ఉంటే ఆవిడ గుడ్డిదిగానే పోయేది.

మా ఇంట్లో అంట్లు తోమే ఆవిడది గజపతినగరం వైపు. ఆమె మొగుడు కర్మాగారం కట్టేటప్పుడు కాంట్రాక్టరు కింద కాంక్రీటు మోశాడు. 1961కల్లా పది లక్షల టన్నుల దశ పూర్తయింది, కాంట్రాక్టర్లు లెక్కలు కట్టేసుకుని వెళ్ళిపోయారు. కూలీలు వెళ్ళలేదు. వెళ్ళడానికి ఊళ్ళో ఏముంది? క్యాంప్-1, క్యాంప్-2, ఖుర్సీపార్‌లో గుడిసెలు నిలిచిపోయాయి. ఆ తర్వాత ఎప్పుడు విస్తరణ పనులు వస్తే అప్పుడు మళ్ళీ ఠేకా కూలి, అంటే కాంట్రాక్టరు కింద పని. ఒకరోజు ఆవిడ కొడుక్కి ఒళ్ళు కాలిపోతోంది. అమ్మ దగ్గరికొచ్చి, "అమ్మగోరూ, మీ పుస్తకం ఓపాలి ఇత్తారేటి? ఆడూ మీ సిన్నోడి ఈడే కదా, ఆడి పేరే సెప్పుకుంతాను" అంది. అమ్మ పుస్తకం తీసింది, మళ్ళీ అరలో పెట్టేసింది. ఎవరికైనా తెలిస్తే నాన్న ఉద్యోగానికి ముప్పని భయం. పవర్‌హౌస్ దగ్గర ప్రైవేటు డాక్టరుకు చూపించుకోమని డబ్బులిచ్చింది. పిల్లాడు బతికాడు. అమ్మ మాత్రం ఆవిడ వచ్చినప్పుడల్లా కొన్నాళ్ళు వంటింట్లోంచి బయటికి రాలేదు.

పుస్తకం ఉన్నవాళ్ళకూ లేనివాళ్ళకూ మధ్య ఉన్న ఈ గీతను పండితులూ కొలిచారు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన జొనాథన్ ప్యారీ 1990ల నుంచి భిలాయికి వస్తూ పోతూ ఇక్కడి శ్రామికుల మీద పరిశోధన చేశాడు. 2020లో వచ్చిన ఆయన లావాటి పుస్తకంలో ప్రధానమైన వాదన ఇదే: పర్మినెంటు కార్మికుడూ, ఠేకా కార్మికుడూ ఒకే కొలిమి దగ్గర పనిచేసినా వాళ్ళు రెండు వేర్వేరు తరగతులు. పెళ్ళిళ్ళ దగ్గర్నుంచి పిల్లల చదువుల దాకా ఆ తేడా పాకింది. ఆ సంగతి మా అంట్లు తోమే ఆవిడకు పుస్తకం అక్కర్లేకుండానే తెలుసు, అది వేరే మాట.

కంపెనీ పుస్తకంలో చోటు లేనిచోట భాషా సంఘాలు కొంత పని చేశాయి. భిలాయి అంటే సగం దేశం. ఒడియా వాళ్ళకు సెక్టర్-4లో జగన్నాథుడు, మలయాళీలకు సెక్టర్-2లో అయ్యప్ప, మనవాళ్ళకు సెక్టర్-5లో ఆంధ్ర సాహిత్య సమితి నడిపే బాలాజీ గుడి. సంఘాలంటే పండగలూ నాటకాలూ మాత్రమే అనుకుంటే పొరపాటు. దిక్కులేని శవానికి దహనం, దారి ఖర్చుల్లేని వాళ్ళకు టికెట్టు, ఆడపిల్ల పెళ్ళికి నలుగురి దగ్గరా చందా, ఇవన్నీ మన భాషవాళ్ళని చెప్పుకుని జరిగేవి. ఒక్క రసీదు కూడా ఉండని సేవ అది. దాని హద్దు కూడా భాషే. ఈ గడ్డ మీద పుట్టి, భూమి కర్మాగారానికిచ్చి, ఠేకా కూలీగా మిగిలిన ఛత్తీస్‌గఢీ మనిషికి ఏ సంఘం గుమ్మం ఎక్కాలో తెలిసేది కాదు. పెద్ద ఉద్యోగుల భార్యలు మహిళా సమాజ్ పెట్టి పేదింటి ఆడవాళ్ళ చేత అప్పడాలు, మసాలా పొడులు చేయించారు. మంచిదే. దాని గురించి నేను ఎక్కువ చెప్పను, బయటినుంచి చూసినదే తప్ప నాకు లోపలి సంగతులు తెలియవు.

భిలాయికి ఇనుప రాయి వచ్చేది దల్లీ-రాజహరా కొండల నుంచి. అక్కడ రెండు రకాల ఖదాన్లు, అంటే గనులు, ఉండేవి. ఒకటి యంత్రాలది, అందులో పర్మినెంటు వాళ్ళు. రెండోది చేతిపనిది, అందులో ఠేకా కింద వేలమంది ఆదివాసులు, ఛత్తీస్‌గఢీ పల్లెవాసులు. మొగుడు గునపంతో రాయి పగలగొడితే పెళ్ళాం తట్టకెత్తి మోసేది. ఇనుప ఖనిజం గని కార్మికుల సంక్షేమానికని టన్నుకింత చొప్పున సెస్ వసూలు చేసే చట్టం 1961లోనే వచ్చింది. చట్టం వచ్చింది గానీ ఆ వేలమందికి మంచి గుడిసె రాలేదు, డాక్టరూ రాలేదు.

1977లో ఎమర్జెన్సీ ఎత్తేశాక శంకర్ గుహ నియోగి జైలు నుంచి విడుదలయ్యాడు. ఒకప్పుడు భిలాయి కర్మాగారంలోనే పనిచేసి ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి. బోనస్‌లో పర్మినెంటు వాళ్ళకూ తమకూ పెట్టిన తేడా మీద మండిపడి ఠేకా కార్మికులు పాత యూనియన్ల నుంచి బయటికొచ్చేశారు, అతన్ని వెంటబెట్టుకుని ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్ కట్టుకున్నారు. ఎర్ర, ఆకుపచ్చ రంగుల జెండా. వానలకు ముందు గుడిసెలు కప్పుకోవడానికి భత్యం కావాలన్నది వాళ్ళ కోరికల్లో ఒకటి. జూన్ 2, 3 తేదీల్లో పోలీసు కాల్పులు జరిగి 11 మంది చనిపోయారు. అనసూయాబాయి అనే కార్మికురాలు, సుదామ అనే పిల్లవాడు వాళ్ళలో ఉన్నారు.

ఆ తర్వాత సంఘం ఉపాధ్యక్షురాలు కుసుంబాయి ప్రసవమప్పుడు సరైన వైద్యం అందక చనిపోయింది. దల్లీ-రాజహరాలో నేను కలిసిన ముసలి కార్మికులు కాల్పుల గురించి చెప్పేటప్పుడు గొంతు పెంచేవారు, కుసుంబాయి గురించి చెప్పేటప్పుడు తగ్గించేవారు. మన ఆస్పత్రి మనమే కట్టుకుందాం అనుకున్నది అప్పుడే. 1982 జనవరి 26న చిన్న డిస్పెన్సరీ, 1983 జూన్ 3న పదిహేను మంచాలతో షహీద్ ఆస్పత్రి. తేదీ వాళ్ళు ఏరి పెట్టుకున్నది, కాల్పులు జరిగిన రోజు. రిబ్బను కత్తిరించడానికి మంత్రిని పిలవలేదు, ఒక ముసలి గని కార్మికుడు, ఒక ముసలి రైతు తెరిచారు. ఆశిష్ కుందూ, బినాయక్ సేన్, పవిత్ర గుహ, శైబాల్ జానా వంటి డాక్టర్లు చేరారు.

నా వృత్తి కళ్ళతో చూస్తే ఇందులో ఆశ్చర్యపరిచేది త్యాగం కాదు, నిర్వహణ. డబ్బు బయటినుంచి తీసుకోలేదు. కార్మికుల చందా, శ్రమదానం, రోగుల దగ్గర తీసుకునే చిన్న ఫీజు, అంతే. కట్టడానికి ఇటుకలు మోసినవాళ్ళే కట్టాక నిర్ణయాల్లో కూర్చున్నారు. పగలు ఖదాన్‌లో రాయి కొట్టి, సాయంత్రం స్నానం చేసి వచ్చి, కట్టు కట్టడం, బీపీ చూడడం, సూది వెయ్యడం నేర్చుకున్న ఆరోగ్య కార్యకర్తలు ఉండేవారు. అనవసరమైన టానిక్కులు, సూదులు రాయకూడదన్నది ఆస్పత్రి నియమం. వాంతులు విరేచనాలకు ఉప్పు పంచదార నీళ్ళు చాలన్న సంగతి బస్తీ బస్తీకీ తిరిగి చెప్పారు. సూది వెయ్యని డాక్టరు డాక్టరే కాదని నమ్మే జనం చేత ఇది ఒప్పించడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఖుర్సీపార్‌లో నేను అదే మాట చెప్పి ఎన్నిసార్లు చివాట్లు తిన్నానో!

ఒక చిక్కు గురించి కూడా చెప్పాలి. కూలి పెరిగింది, సారా కొట్టు కళకళలాడింది. ఆ సంఘం మద్యం మానిపించే ఉద్యమం నడిపింది, తాగినవాళ్ళకు జరిమానాలు వేసింది. మామూలుగా స్వచ్ఛంద సంస్థలు తాగుడు గురించి ఉపన్యాసం చెప్పి పోస్టర్ అంటించి వస్తాయి. జరిమానా వెయ్యాలంటే ఆ మనిషి మనవాడై ఉండాలి, అతని పేరు మన పుస్తకంలో అతనే రాసుకుని ఉండాలి. మాకు ఆ అధికారం ఎన్నడూ లేదు. ఉండాల్సిందని కూడా నేను అనను, నాకు జరిమానాలంటే కొంచెం భయమే.

ఇంకో సంగతి. ఆ సంఘమే 1979లో సోనాఖాన్ జమీందారు నారాయణ్ సింగ్ స్మృతిని మళ్ళీ పైకి తెచ్చింది. 1856 కరవులో వ్యాపారి కొట్లోని ధాన్యం బయటికి తీయించి ఆకలితో ఉన్నవాళ్ళకు పంచినవాడు ఆయన. ఆయన్ను 1857 డిసెంబరు 10న రాయపూర్‌లో ఉరి తీశారు. ఇవాళ రాయపూర్ క్రికెట్ స్టేడియానికి ఆయన పేరే.

1990లో నియోగి భిలాయి చుట్టూ ఉన్న ప్రైవేటు ఫ్యాక్టరీల ఠేకా కార్మికుల దగ్గరికి వచ్చాడు. 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున భిలాయి హుడ్కో కాలనీలో, నిద్రలో ఉండగా అతన్ని కాల్చి చంపారు. 1992 జూలై 1న పవర్‌హౌస్ రైల్వే స్టేషన్‌లో పట్టాల మీద కూర్చున్న కార్మికుల మీద కాల్పులు జరిగి పదహారు మంది పోయారు. మా వాళ్ళు బొబ్బిలి బండి ఎక్కడానికి పరుగెత్తే స్టేషన్ అది.

2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం వచ్చాక మా పని తీరు మారింది. 2002లో మితానిన్ అనే ఆరోగ్య కార్యకర్తల కార్యక్రమం మొదలైంది. ప్రతి పాడాకూ, అంటే పేటకూ, ఒక ఆడమనిషి, ఆమెను ఎంచేది ఊరివాళ్ళు. 2005లో దేశమంతా వచ్చిన ఆశా కార్యకర్తల పథకానికి ఇదొక నమూనా అయింది. ఇదే కాలంలో కర్మాగారం పుస్తకం సన్నబడింది. 1980ల చివర అరవై వేలు దాటిన పర్మినెంటు ఉద్యోగులు తర్వాతి దశాబ్దాల్లో సగానికన్నా తక్కువైపోయారు, వాళ్ళ ఖాళీలలో ఠేకా వాళ్ళు నిండారు. టౌన్‌షిప్పు గోడ అలాగే ఉంది, దాని లోపలివాళ్ళు తగ్గారు, బయటివాళ్ళు పెరిగారు.

2013 కంపెనీల చట్టం 135వ సెక్షను 2014 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. మూడేళ్ళ సగటు నికర లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యతకు. మా లాంటి సంస్థలకు కొత్తగా తలుపులు తెరుచుకున్నాయి. కానీ ఉక్కు ధరలు పడ్డాయి, భిలాయి కర్మాగారం నడిపే సెయిల్‌కు 2015-16 నుంచి 2017-18 దాకా వరసగా మూడేళ్ళు నష్టాలు. మూడేళ్ళ సగటు నష్టంలోకి దిగితే చట్టం లెక్కన ఖర్చు పెట్టి తీరాల్సిన మొత్తం సున్నా. సెయిల్ ఆ ఏళ్ళలోనూ ఎంతో కొంత ఖర్చు చేసింది, అది వేరే సంగతి. నేనడిగేది చట్టాన్ని: ఉక్కు ధర పడ్డ ఏడు ఠేకా కూలీ ఇంట్లో ఆకలి పెరుగుతుందా, తగ్గుతుందా? రెండు శాతం లెక్క ఎవరి కోసం రాశారు?

కొత్త డబ్బుతో కొత్త ఫారాలు వచ్చాయి. ఒక ప్రైవేటు కంపెనీ ఇచ్చిన కుట్టు మిషన్ల కార్యక్రమానికి నేను జాబితా తయారుచేశాను. లబ్ధిదారు పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఆధార్, కులం, ఆదాయం, ఫొటో, సంతకం లేదా వేలిముద్ర. ఒకావిడ తన గడి దగ్గర వేలు ఆపేసింది. మొగుడు వదిలేసి పదేళ్ళయింది, అతని పేరు రాయనంది. తండ్రి పేరు రాయమ్మా అన్నాను. "ఆయన పోయి ఎన్నాళ్ళయిందో తెలీదు, మిషను కుట్టీది నేను కదా" అంది. గడి ఖాళీగా వదిలి పంపితే పైనుంచి తిరిగొచ్చింది. చివరికి ఆవిడ తల్లి పేరు రాసి పంపాం, ఎవరూ గమనించలేదు. మిషన్లు ఇచ్చిన రోజు ఫొటోలు దండిగా తీశారు. తర్వాత ఎన్ని ఇళ్ళల్లో అవి తిరుగుతున్నాయో చూసి రమ్మని మాత్రం ఏ ఫారమూ అడగలేదు. నేను వెళ్ళి చూశాను. బాబిన్ దొరక్క, సూది విరిగి, చాలావాటి మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. ఆవిడది మాత్రం తిరుగుతోంది. బడి యూనిఫాం నిక్కర్లు కుడుతోంది.

గనుల ప్రాంతాలకు 2015 నుంచి జిల్లా ఖనిజ ఫౌండేషన్ డబ్బు కూడా వస్తోంది. పాత లీజుల మీద రాయల్టీలో 30 శాతం, 2015 జనవరి 12 తర్వాత ఇచ్చిన వాటి మీద 10 శాతం. దల్లీ-రాజహరా ఇప్పుడు బాలోద్ జిల్లాలో ఉంది. పాత సెస్ కన్నా ఇది చాలా పెద్ద మొత్తం. గని వల్ల నష్టపోయినవాళ్ళెవరో తేల్చేటప్పుడు గ్రామసభ మాట తీసుకోవాలని నియమాల్లో ఉంది. సభకు పిల్లల్నెత్తుకుని వచ్చే ఆడవాళ్ళు ఎంతమంది, వాళ్ళు నోరు తెరిచే దాకా తహసీల్దారు ఆగుతాడా, అసలు పని అక్కడుంది.

ఈ మధ్య ఖుర్సీపార్‌లో ఠేకా కార్మికుల భార్యల సమావేశానికి వెళ్ళాను. ఇప్పుడు వాళ్ళలో చాలామందికి ఈఎస్ఐ కార్డులున్నాయి. మా అమ్మ కాలంలో అదీ లేదు. చిక్కేమిటంటే 2017 నుంచి ఈఎస్ఐ జీతం హద్దు నెలకు 21,000 దగ్గరే ఉంది. అది దాటితే కార్డు చెల్లదు, అలాగని పెద్దాస్పత్రి పుస్తకమూ రాదు. "కూలి పెంచమని అడగాలా, వద్దా?" అని ఒకమ్మాయి అడిగింది, శ్రీకాకుళం యాస ఇంకా పోలేదు. పెంచమనే అడగండి, ఆస్పత్రి సంగతి విడిగా అడుగుదాం అన్నాను. "అడుగుదామంతే సరా, ఎవుల్నడగాల?" అంది. అప్పటికి అమల్లో ఉన్న 1970 నాటి ఠేకా కార్మికుల చట్టంలో క్యాంటీను, విశ్రాంతి గది, మంచినీళ్ళు, ప్రథమ చికిత్స ఉండేవి, ఆస్పత్రి లేదు. కానీ అందులో ఉన్నవి ఠేకాదారు ఇవ్వకపోతే ప్రధాన యజమాని ఇవ్వాలని ఉండేది. కాగితం మీద రాసిమ్మంది. ఠేకాదారు, ప్రధాన యజమాని, ఈఎస్ఐ శాఖ కార్యాలయం అని మూడు చిరునామాలు రాసిచ్చాను, ప్రధాన యజమానిది అన్నిటికన్నా పైన.